మెరుపుకు కళ్లెం వేసిన గైగర్

కంటికి కానరాని రేడియో ధార్మిక కిరణాలను టిక్కు టిక్కుమనే శబ్దంతో పట్టి ఇచ్చే పరికరం గైగర్ కౌంటర్. దాని సృష్టికర్త హాన్స్ గైగర్ 1882 సెప్టెంబరు 30న జర్మనీలోని నాయ్‌స్టాట్‌లో జన్మించారు. 1906లో డాక్టరేటు పొంది ఇంగ్లండులోని మాంచెస్టర్ చేరారు.

అక్కడ రూథర్‌ఫర్డ్‌తో కలిసి 1908లో ఆల్ఫా కణాలను విద్యుత్తు సాయంతో ఒక్కొక్కటిగా లెక్కించారు. ఒక గ్రాము రేడియం నుంచి సెకనుకు 3,400 కోట్ల కణాలు వెలువడతాయని తేల్చారు. 1909లో మార్స్‌డెన్‌తో కలిసి చేసిన బంగారు రేకు ప్రయోగం, పరమాణు కేంద్రకం సంగతి బయటపడటానికి దారి తీసింది.

1912లో స్వదేశం చేరిన గైగర్, 1928లో కీల్ నగరంలో శిష్యుడు ముల్లర్‌తో కలిసి కొత్త గొట్టం తయారు చేశారు. లోహపు గొట్టం, నడుమ సన్నని తీగ, లోపల పలుచని వాయువు, పైన అధిక వోల్టేజి. ఇంతే దాని నిర్మాణం. కిరణం లోపలికి రాగానే వాయువు నుంచి ఎలక్ట్రాన్లు ఊడి తీగ వైపు పరుగెడతాయి. దారిలో మరికొన్నిటిని ఊడగొడతాయి. క్షణంలో అవి కోట్లయి గొట్టంలో చిన్న మెరుపు పుడుతుంది.

చిక్కల్లా ఆ మెరుపును ఆర్పడంలోనే వచ్చింది. అది ఆరకపోతే తర్వాతి కిరణం లెక్కకు రాదు. ఎలుక పడ్డ బోనును మళ్లీ ఎక్కిస్తేనే గదా రెండో ఎలుక పడేది! అందుకే విద్యుత్ మార్గంలో పెద్ద నిరోధకం పెట్టారు. కరెంటు పారగానే వోల్టేజి పడిపోయి మెరుపు ఆరుతుంది. 1937లో ట్రోస్ట్ అనే శాస్త్రజ్ఞుడు వాయువులో కొంచెం ఆల్కహాలు ఆవిరి కలపగా, మెరుపు దానంతట అదే ఆరిపోసాగింది. అయితే వాడకంలో ఆల్కహాలు తరిగిపోతుంది. అందువల్ల తర్వాతి కాలంలో బ్రోమిన్, క్లోరిన్ వంటివి వాడుకలోకి వచ్చాయి.

దగ్గర రేడియం లేకపోయినా ముల్లర్ గొట్టం టిక్కుమంటూనే ఉండేది. అది పరికరం లోపం కాదనీ, నేల నుంచి, ఆకాశం నుంచి నిరంతరం వచ్చే కిరణాల పని అనీ తేలింది. విశ్వకిరణాల పరిశోధనకు ఆ గొట్టమే ఆయుధమైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసిన గైగర్‌ను చివరి ఏళ్లలో కీళ్లవాతం మంచాన పడేసింది. 1945లో ఇల్లు వదిలి పోట్స్‌డామ్ చేరిన ఆయన, హిరోషిమాపై బాంబు పడిన ఏడు వారాలకు, సెప్టెంబరు 24న కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. జనం నోట ముల్లర్ పేరు కూడా నిలవలేదు. గొట్టం మాత్రం యురేనియం వెతికేవారికీ, అణు కేంద్రాల్లో పనిచేసేవారికీ నేటికీ కాపలా కాస్తోంది.