వాయిద్యం లేదు.. గొంతే ఆస్తి: ఐరిష్ గాయని కాట్లీన్ మాడ్

ఐర్లాండ్‌లో ఇంగ్లిష్‌దే పైచేయి. సొంత భాష ఐరిష్ ఇళ్లలోంచే జారిపోతోంది. ఆ భాష కోసమే బతికారు కాట్లీన్ మాడ్.

1941లో పశ్చిమ తీరాన, ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న కాస్లాలో పుట్టారు. గాల్వేలో డిగ్రీ చదివి, టీచరయ్యారు. 1964లో డబ్లిన్‌లో ఆడిన ఐరిష్ నాటకం 'అన్ ట్రియల్'లో పెళ్లికాని తల్లిగా నటించి అందరి దృష్టిలో పడ్డారు. కవిత్వమూ రాశారు. పాడింది మాత్రం షాన్ నోస్.. అంటే వాయిద్యాల్లేని పాత సంప్రదాయ పాట. 1975లో రికార్డు వచ్చింది.

భాష బతకాలంటే బడిలో ఉండాలని, డబ్లిన్ శివారు తాలాలో ఐరిష్ మీడియం స్కూల్ కోసం పాటుపడ్డారు. 1982లో కన్నుమూశారు. అప్పటికి వయసు 41 ఏళ్లే. ఆమె కవితలు పుస్తకంగా వచ్చింది ఆ తర్వాతే, 1984లో. గొంతు మాత్రం ఆ రికార్డులో ఇంకా వినిపిస్తూనే ఉంది.