యుగంధర్ అడిగే ప్రశ్న

మన డిపార్ట్‌మెంట్‌లో చలం మీద సెమినార్ పేపర్లు రాస్తాం, కొడవటిగంటి కుటుంబరావు కథల గురించి వాదించుకుంటాం. ఆ ఇద్దరికీ దగ్గరి చుట్టం, మన ఊళ్ళోనే ఉండి రాసిన కొమ్మూరి సాంబశివరావు పేరు మాత్రం ఎవరమూ ఎత్తం. డిటెక్టివ్ నవలలు రాశారు కదా, అందుకని!

ఆయన 1926లో పుట్టారు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో, బళ్ళారి రాఘవతో కలిసి స్టేజీ ఎక్కిన కొమ్మూరి పద్మావతీదేవి ఆయన తల్లి. చలం పెదనాన్న వరస. తోబుట్టువు వరూధిని భర్తే కుటుంబరావు. 1952 నుంచి 1980లో పోయేదాకా మద్రాసులో చందమామని నడిపింది ఆయనే. ఇంటి నిండా ఇంత సాహిత్యం ఉండగా సాంబశివరావు మాత్రం చవక పుస్తకాల దారి పట్టారు. పదుల కొద్దీ నవలలు రాశారు. పాఠకులు ఆయన్ని ఇంగ్లీషు రచయిత ఎడ్గార్ వాలెస్‌తో పోల్చుకున్నారు.

డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మన అమ్మమ్మల తరానికి ఇంట్లో మనుషులే. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, పెద్దవాళ్ళ కంట పడకుండా చదివేవాళ్ళమని మా అమ్మమ్మ చెప్పేది.

ఇలాంటి నవలల్లో ఏముంటుంది? ఆస్తి ఉన్న ఇల్లు, ఒక వీలునామా, ఎవరూ నోరు విప్పని పాత సంగతి, ఉన్నట్టుండి ఒక చావు. ఇంట్లోవాళ్ళు అంతా ఖర్మ అంటారు. డిటెక్టివ్ మాత్రం మర్యాదగా కూర్చుని, ఆఖరున చూసిందెవరు, ఈ చావువల్ల లాభం ఎవరికి అని ఆరా తీస్తాడు.

నాకు ఈ ఆరా చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. స్టవ్ పేలి కోడలు పోయిందంటే ఊరు ఊరంతా తలూపి ఊరుకున్న రోజులు మన దేశంలో ఉన్నాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే శవపరీక్షకి పంపి తీరాలని చట్టంలో చేర్చింది 1983లోనే. ఆ మార్పు నవలల వల్ల వచ్చిందని నేననను. కానీ గుట్టుగా ఉండడమే మర్యాద అని నేర్పే ఇళ్ళలో, వంటింట్లో కూర్చున్న అమ్మాయికి పరువు కన్నా నిజం ముఖ్యమని అనుకోవడం అలవాటు చేసినవాటిలో ఈ చవక పుస్తకాలూ ఉన్నాయి. చలం నిలదీసి అడిగినదాన్ని ఈయన కథలో పెట్టి, నిద్ర మానిపించి మరీ చదివించారనిపిస్తుంది.

ఆయన రాసినవన్నీ గొప్పవని చెప్పను. వేగంగా రాసినవాటిలో తప్పులుంటాయి. అయినా తెలుగు చదవడం ఒక వ్యసనంగా చేసిన మనిషికి సాహిత్య చరిత్రలో ఒక పేజీ అయినా ఇవ్వాలి కదా.

సాంబశివరావు 1994లో కన్నుమూశారు. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో యుగంధర్ నవల దొరికితే డిపార్ట్‌మెంట్‌కి పట్టుకురండి. హంతకుడెవరో మాత్రం ముందే చెప్పేయకండి!