మేజోళ్ల మగ్గము నుండి ఆనివా బావి వరకు: జాన్ పేటన్ జీవితము

స్కాట్లండు దక్షిణ భాగమున, డంఫ్రీస్ పట్టణమునకు నాలుగు మైళ్ల దూరములో టోర్తోర్వాల్డ్ అను చిన్న గ్రామము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి గడ్డికప్పు ఇండ్లలో ఒకదానియందు జేమ్స్ పేటన్ అను మేజోళ్లు నేయువాడు కాపురముండెను. ఆ ఇంటికి మూడు భాగములు. ఒక కొసను వంటయిల్లు. కుటుంబమంతయు దినము గడుపు చోటు అదియే. మరియొక కొసను ఐదారు మగ్గములున్న కర్మశాల. ఈ రెంటి నడుమ ఒక మంచము, చిన్న బల్ల, కుర్చీ మాత్రము పట్టు ఇరుకు గది. దినమునకు ముమ్మారు, భోజనము ముగిసిన పిమ్మట, జేమ్స్ ఆ గదిలోనికి పోయి తలుపు మూసికొని ప్రార్థించెడివాడు. పదునొకండుగురు బిడ్డలును ఆ తలుపు ముందు అడుగుల చప్పుడు కాకుండ నడచుట నేర్చుకొనిరి.

వారిలో పెద్దవాడు జాన్ గిబ్సన్ పేటన్. ఆయన 1824 మే 24న జన్మించెను. పండ్రెండేండ్లు నిండకమునుపే బడి మాని తండ్రి ప్రక్కన మగ్గము ఎక్కెను. ఉదయము 6 గంటలకు పని మొదలు; రాత్రి 10 గంటలకు ముగింపు. భోజనములకు దొరకు కొద్దిపాటి విరామములో లాటిను, గ్రీకు వ్యాకరణములు తెరచెడివాడు. మేజోళ్ల మగ్గము మన చేనేత మగ్గమువంటిది కాదు; ఇనుపసూదులు వరుసలుగా అమర్చిన యంత్రము. ఒక్క సూది వంగినను అల్లిక చెడును. దానిని విప్పుట, తుడుచుట, సరిచేసి మరల బిగించుట నేతగాని పనిలోనివే. మగ్గపు గుంట ఉన్న ఇంటిలో పెరిగిన తెలుగు చదువరులకు ఆ బాల్యము విశేషముగా వివరింపనక్కరలేదు. పని చేసిన చేతికి పనిముట్టు భాష తెలియును. ఆ కర్మశాలలో పనిముట్లు వాడుటయు, యంత్రములను కాపాడుటయు నేర్చినందున తనకు మిషను పొలములో ఎంతో మేలు కలిగెనని పేటన్ 1889లో వెలువడిన తన స్వీయచరిత్రలో కృతజ్ఞతతో తెలిపెను.

కూడబెట్టిన సొమ్ముతో ఆరు వారములు డంఫ్రీస్ అకాడమీలో చదివెను. పిదప గ్లాస్గో నగరపు బీదవాడలలో పదేండ్లు సువార్త పరిచర్య చేయుచు వేదాంతమును, కొంత వైద్యమును అభ్యసించెను. దక్షిణ సముద్ర ద్వీపములకు పోవుటకు ఆయన నిశ్చయించుకొనినప్పుడు అనేకులు అడ్డుపడిరి. తలిదండ్రులు మాత్రము అడ్డుచెప్పలేదు. తొలిచూలు బిడ్డ పుట్టిననాడే, ప్రభువునకు ఇష్టమైతే మిషనెరీగా పంపుదుమని మ్రొక్కుకొన్న సంగతిని వారు అంతవరకు దాచి, అప్పుడే బయటపెట్టిరి.

1858 మార్చిలో అభిషేకము, ఏప్రిలులో మేరీ ఆన్ రాబ్సన్‌తో వివాహము, ఆ నెలలోనే ఓడ ప్రయాణము. న్యూ హెబ్రిడీస్ ద్వీపములలో, అనగా 1980లో స్వాతంత్ర్యము పొంది వనువాటు అని పేరొందిన దేశములో, టాన్నా ద్వీపమున నవంబరు 5న దంపతులు దిగిరి. పేటన్ ఇల్లు కట్టెను. సముద్రమునుండి పగడపు రాళ్లు తెప్పించి, కాల్చి సున్నము చేయించెను. అయితే నైపుణ్యము గల చేతులు ఆ ఇంటిని తగని చోట నిలిపినవి. అది తీరమందలి పల్లపు స్థలము; మెరకమీదికి పోనివారిని చలిజ్వరము విడువదని అనుభవము పిమ్మట నేర్పెను. 1859 ఫిబ్రవరి 12న కుమారుడు కలిగెను. మార్చి 3న మేరీ మరణించెను. 20వ తేదీన బిడ్డయు మరణించెను. పేటన్ తన చేతులతోనే గోతిని త్రవ్వి ఇంటి ప్రక్కనే వారిని పాతిపెట్టి, సమాధి చుట్టును పగడపు రాళ్లు పేర్చెను. తండ్రి నేర్పిన పనులలో ఆ పని లేదు.

నాలుగేండ్లలోపుననే, 1862లో, ప్రాణము అరచేత పట్టుకొని టాన్నాను విడువవలసి వచ్చెను. పిదప ఆస్ట్రేలియా, స్కాట్లండులలో తిరిగి మిషను ఓడకొరకు చందాలు ప్రోగుచేసెను. సండేస్కూలు పిల్లల కాసులే అందులో ముఖ్యమైనవి. 1864లో మార్గరెట్ వైట్‌క్రాస్‌ను వివాహమాడి, వృద్ధులైన తలిదండ్రులకు కడసారి వీడ్కోలు చెప్పెను. 1865లో బ్రిటిషు యుద్ధనౌక కురసోవ టాన్నా గ్రామములపై ఫిరంగులు ప్రయోగించినప్పుడు ఆయన ఆ నౌకపై దుబాసీగా ఉండెను. తోటి మిషనెరీలలో కొందరును ఆ కార్యమును గట్టిగా ఖండించిరి. ఆయన తన వాదము వినిపించెను గాని, ఆయన చరిత్రను చెప్పువారు ఆ పుటను చింపివేయుట న్యాయము కాదు.

1866 నవంబరులో ఆయన, మార్గరెట్ ఆనివా ద్వీపమున స్థిరపడిరి. ఒకనాడు పేటన్ ఇంటి దూలములమధ్య పనిలో ఉండగా మేకులు, పనిముట్లు కావలసివచ్చెను. చిత్రికపట్టిన చెక్కపేడు ఒకటి తీసికొని దానిపై నాలుగు మాటలు వ్రాసి, వృద్ధుడైన నమకేయి అను నాయకుని చేతికిచ్చి, దొరసానికి అందింపుమనెను. ఏమి కావలెనో చెప్పకుండ వట్టి చెక్కను మోసికొనిపోవుట నమకేయికి వెర్రిగా తోచెను. అయినను పోయెను. మార్గరెట్ చెక్కను చూచి, దానిని ఆవల పడవైచి, కావలసినవన్నియు తెచ్చి ఇచ్చెను. నమకేయి ఆ చెక్కను వెదకి పట్టుకొని పరుగున వచ్చి, చెక్క ఎట్లు మాటలాడెనని అడిగెను. దేవుడును అట్లే గ్రంథము ద్వారా మాటలాడునని పేటన్ వివరించెను. నాటినుండి ఆ ముసలివాడు అనువాదమునకు మాటలు అందించు సహాయకుడాయెను. ఆనివా భాషలో మొదటి చిన్న పుస్తకము అచ్చయినప్పుడు అది మాటలాడునా అని అడిగి, మాటలాడునని విని హత్తుకొనెను. కన్ను ఆనదని తెలిసి పేటన్ కండ్లజోడు పెట్టగా అక్షరములు నేర్చెను.

అచ్చుపని పేటన్‌కు ఎవరును నేర్పలేదు. టాన్నాలోనే ఒక చిన్న ముద్రణయంత్రము చేతికి వచ్చెను. కాగితము మడిచినప్పుడు పుటలు వరుసగా రావలెనన్న ఏది ఎచ్చట కూర్చవలెనో తోచక ఎన్నో మారులు చెడగొట్టెను. చివరకు నడిరేయి దాటిన పిమ్మట ఒక పత్రము సరిగా వచ్చినప్పుడు టోపీ ఎగురవైచి, బాలునివలె యంత్రము చుట్టును గంతులు వైచెను. అర్థముకాని యంత్రమునెదుట విసుగక కూర్చుండుట మాత్రము టోర్తోర్వాల్డ్ కర్మశాలలోనే అలవడినది.

ఆనివాలో మంచినీరు కరవు. అది పగడపు దిబ్బ. మేఘములను ఆపు కొండ లేదు. పేటన్ బావి త్రవ్వ బూనెను. వర్షము పైనుండి వచ్చును గాని నేలలోనుండి ఎట్లు వచ్చునని నమకేయి చింతించి, దొరకు మతి తప్పెనని తనవారిని కావలి ఉంచెను. పేటన్ గాలములు కూలిగా చూపి కొందరిచే మన్ను మోయించెను. పండ్రెండడుగులు దిగిన పిమ్మట ఒక ప్రక్క కూలిపోయెను. అప్పుడు ఆయన లోపల ఉండినయెడల యుద్ధనౌకవారు వచ్చి అడిగినప్పుడు ఏమని చెప్పుదుమని నమకేయి వాపోయెను. ఇక ఎవరును లోనికి దిగుటకు ఒప్పుకొనలేదు. పేటన్ రెండు పంగల మ్రానులు పాతి, అడ్డదూలము వైచి, దానికి గిలక బిగించి, తాను లోన త్రవ్వుచుండగా పైవారు త్రాడు లాగునట్లు ఏర్పాటు చేసెను. దినదినము ఒంటరిగా దిగెను. ముప్పది అడుగులకు చేరువలో మన్ను చెమ్మగిల్లెను. సముద్రము దగ్గరలోనే యున్నది. ఉప్పునీరు పడినయెడల ఇన్నాళ్ల బోధయు నవ్వులపాలగును. అది ఆయనకు తెలియును. ఆ గోతిలోనే ప్రార్థించెను.

అడుగున చిన్న గుంట త్రవ్వగా నీరు ఊరెను. రుచి చూచి, మోకరించి స్తుతించి, కూజా నింపి పైకి తెచ్చెను. నమకేయి కూజాను కదిపి చూచెను, వ్రేలు ముంచెను, నోట పోసికొని కొంతసేపు ఉంచుకొని మ్రింగెను. అది వర్షమేయని కేకవైచెను. మిగిలినవారు ఒకరిచేయి ఒకరు పట్టుకొని వరుసగా నిలిచి, ముందున్నవాడు లోనికి తొంగిచూచి వెనుకకు పోగా, తరువాతివాడు వంగి చూచుచుండెను. గోడ కట్టుటకు పగడపు రాళ్లు ఈ మారు గాలములు అడుగకయే మోసిరి.

తరువాతి ఆదివారమున మాటలాడుటకు నమకేయి అనుమతి అడిగెను. కంటికి కనబడని నీరు భూమిలో ఉండెనని మిషనెరీ చెప్పినది నిజమైనది గనుక, కంటికి కనబడని దేవునిగూర్చి చెప్పినదియు నిజమేయని తన జనులతో వాదించెను. ఆ వారమే కొందరు తమ విగ్రహములు తెచ్చి పోగువైచిరి. నీటివలన పుట్టిన విశ్వాసము నిలుచునా అని వేదాంతులు సందేహింపవచ్చును. యాకోబు బావియొద్ద సమరయ స్త్రీతో సంభాషణ ఎచ్చట మొదలయ్యెనో వారు జ్ఞాపకముంచుకొనవలెను. ద్వీపవాసులు తమ గ్రామములదగ్గర ఆరేడు చోట్ల బావులు త్రవ్విరి. ఒకచోట బండ, ఒకచోట ఉప్పునీరు. మంచినీరు ఎచ్చటను పడలేదు. ఆ ఒక్క బావియే అందరికి ఆధారమాయెను.

ఆనివాలో తొలి ప్రభువు బల్ల సంస్కారము 1869 అక్టోబరు 24న జరిగెను. పాలుపొందిన ద్వీపవాసులు 12 మంది. నమకేయి ముసలితనమున మిషను సమావేశము చూడగోరి అనీత్యుమ్ ద్వీపమునకు పోయి అచ్చటనే కన్నుమూసెను. క్రొత్త నిబంధన ఆనివా భాషలో 1899లో వెలువడెను. పేటన్ 1907 జనవరి 28న మెల్‌బోర్న్ నగరమున ప్రభునందు నిద్రించెను. ఆనివా సంఘమువారు తమ వాక్యభాగముల ముద్రణకు అయిన ఖర్చును ఉచితముగా పుచ్చుకొనక, పాలగుండ దుంపలు నాటి, తీసి, పిండి చేసి అమ్మి చెల్లించిరి.