లూథర్ బర్బాంక్

పిల్లలూ! మీరు బంగాళాదుంప కూర తింటారు కదా! ఆ పంటను మెరుగుపరచిన ఒకాయన కథ వినండి.

లూథర్ బర్బాంక్ 1849లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. పెద్దవాడై కూరగాయలు పండించసాగాడు. ఒకనాడు తోటలో బంగాళాదుంప మొక్కకు చిన్న కాయ కనిపించింది. ఆ రకం మొక్క కాయ కాయడం చాలా అరుదు. కాయ పండేదాకా కాపాడాలనుకొని రోజూ చూసి వచ్చేవాడు. ఒకరోజు చూస్తే కాయ లేదు! బర్బాంక్ నిరాశ పడలేదు. నేలంతా మళ్ళీ మళ్ళీ వెదికాడు. చివరకు కాయ దొరికింది.

అందులో 23 గింజలు ఉన్నాయి. అన్నీ నాటాడు. ఒక మొక్కకు మాత్రం చాలా మేలైన దుంపలు ఊరాయి. ఆ రకాన్ని 150 డాలర్లకు అమ్మాడు. 1875లో పది దుంపలు వెంట తీసుకొని, ఎంతో దూరాన ఉన్న కాలిఫోర్నియాకు వెళ్ళాడు. మీ పెద్దలు కూడా పుట్టిన ఊరు విడిచి దూరదేశం వచ్చినవారే కదా!

బర్బాంక్ సాంటా రోసా ఊరిలో తోట వేశాడు. ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు అద్దేవాడు. ఆ గింజలతో వేల మొక్కలు పెంచేవాడు. వాటిలో మంచివి ఏరి ఉంచేవాడు. ఇలా పండ్లు, పూలు, కూరగాయలు కలిపి 800కు పైగా కొత్త రకాలు తెచ్చాడు. సాంటా రోసా ప్లమ్ పండు వాటిలో ఒకటి.

ఆయన 1926లో మరణించాడు. ఆయన పుట్టినరోజు మార్చి 7న కాలిఫోర్నియాలో నేటికీ చెట్లు నాటుతారు.

పిల్లలూ! మీరు కూడా ఒక గింజ నాటండి. ఓపికతో రోజూ చూడండి.