చేతిపనికి దారి చూపిన కమలాదేవి గారు

ఫెడరేషన్ సంచికకు ఒక పెద్దవారి జీవితం రాయమన్నారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కలు రాసే చేత్తోనే ఇది రాస్తున్నా, తప్పులుంటే మన్నించండి. మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో తెలియాల్సిన పేరు కమలాదేవి చటోపాధ్యాయ గారిది.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. ఏడేళ్లప్పుడు తండ్రి పోయారు. ఆయన వీలునామా రాయలేదు, అందుకని ఆస్తి సవతి కొడుక్కి పోయింది. చేతిలో ఏమీ లేని ఆడవాళ్ల బతుకు ఎట్లా ఉంటుందో ఆమె చిన్నప్పుడే చూశారు. పద్నాలుగో ఏట పెళ్లయింది, కొద్దికాలానికే భర్త పోయారు. మద్రాసులో చదువుకుంటూ సరోజినీ నాయుడు గారి తమ్ముడు హరీంద్రనాథ్ గారిని పెళ్లి చేసుకున్నారు. వితంతువుకి మళ్లీ పెళ్లేమిటని లోకం ఆడిపోసుకుంది. ఆమె లెక్కచేయలేదు. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి కొద్ది ఓట్లతో ఓడిపోయారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో బొంబాయిలో జైలుకి పోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆమె కాందిశీకుల శిబిరాల దారి పట్టారు. దేశం రెండయ్యాక ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు ఢిల్లీ చుట్టూ ఉన్నారు. ఎన్నాళ్లని పెట్టింది తిని కూర్చుంటారు? 1948లో ఆమె ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టారు. ఛత్తర్‌పూర్‌లో వాళ్లచేత సహకార సేద్యం చేయించారు. ఫరీదాబాదులో సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన వేలమంది తమ ఊరు తామే కట్టుకున్నారు, పనులు నేర్చి సంఘాలు పెట్టుకున్నారు.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డుకి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా తిరిగి పనివాళ్ల ఇళ్లలో కూర్చుని పని చూశారు. పనికి తగ్గ సరుకు దొరకాలి, నేర్పేవాడు ఉండాలి, తయారైంది అమ్ముడుపోవాలి, ఈ మూడూ కలిస్తేనే పూట గడుస్తుందని ఆమె పద్ధతి. అందుకే ఢిల్లీలో కుటీర పరిశ్రమల ఎంపోరియం నడిపే బాధ్యత ఆమె యూనియన్ తీసుకుంది. మన శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ఒకరిద్దరే మిగిలిన రోజుల్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువుగా పిల్లలకి నేర్పారు. ఇవాళ ఆ పనితో ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఒకప్పుడు మా ఊళ్లో ఒక పథకం కింద బీద ఇళ్లకి మగ్గాలిచ్చారు. నూలు రాలేదు, నేసిన చీర కొనే దిక్కు లేదు. ఏడాది తిరక్కుండా మగ్గాలు అటకెక్కాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి. ఆ జాబితా కింద సెక్రటరీగా నా సంతకం ఉంది. ఒక ముసలమ్మ అప్పు మాత్రం మిగిలిందని నా గుమ్మం ముందు కూర్చుంది. ఆమె ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. కమలాదేవి గారి సంగతి ముందే తెలిసుంటే నూలెక్కడ, అమ్మకమెక్కడ అని అడిగేవాణ్ణి.

1966లో మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబరు 29న కన్నుమూశారు.

మన సంఘాలకి రేపు ఏ పథకం వచ్చినా ఒంటి మగ్గం ఇంటికి, మొగదిక్కు లేని ఇంటికి మొదట ఇద్దాం. ఇచ్చేముందు నూలు, నేర్పు, అమ్మకం మూడూ చూసుకుని సంతకం పెడదాం.