గోలు కాచిన సిపాయి – పీటర్ తంగరాజ్

కోల్‌కతాలో పోస్టింగ్ చేసిన వాళ్ళెవరికీ మైదాన్ గురించి చెప్పనక్కర్లేదు. ఫోర్ట్ విలియమ్ (ఇప్పుడు విజయ్ దుర్గ్ అంటున్నారు) చుట్టూ ఉన్న ఆ పచ్చిక నేలంతా ఆర్మీదే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బుల గ్రౌండ్లు కూడా ఆ నేలమీదే ఉన్నాయి. బద్ధశత్రువుల్లాంటి ఈ మూడు క్లబ్బులకూ గోల్‌కీపరుగా ఆడి, మూడు చోట్లా మన్నన పొందిన మనిషి మన ఫౌజీ కావడం చాలామందికి తెలియదు. ఆయనే పీటర్ తంగరాజ్.

పేరు చూసి మద్రాసు మనిషి అనుకుంటారు గానీ, ఆయన పుట్టింది మన హైదరాబాదులో, 1935 డిసెంబరు 24న. అప్పట్లో హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాల్లో ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ ఎగరేసుకుపోయింది. ఆ గాలి పీల్చి పెరిగిన కుర్రాడు మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి, 1953 ప్రాంతంలో ఆర్మీలో చేరాడు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయన కొత్త ఇల్లయింది. మన తెలుగు జవాన్లు ఎందరికో అది తల్లిలాంటి చోటు.

ఇక్కడే అసలు మలుపు. తంగరాజ్ మొదట్లో గోల్‌కీపర్ కాదు, సెంటర్ ఫార్వర్డ్. గోల్స్ కొట్టే పని. రెజిమెంట్ జట్టుతో ఆడే రోజుల్లో గోల్స్ ఆపే పనిలోకి మారాడు. ఆటలో ఇంతకంటే పెద్ద బదిలీ ఉండదు. ఫార్వర్డ్ పది ఛాన్సులు పోగొట్టి ఒక గోల్ కొడితే జనం భుజాలకెత్తుకుంటారు. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే, ఆ ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. అయినా ఆరడుగులకు పైబడిన ఆ మనిషి కొత్త డ్యూటీకి అతికినట్టు సరిపోయాడు. 1955లో ఎమ్మార్సీ జట్టు ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది (మన ఎయిర్‌ఫోర్స్ సోదరులు క్షమించాలి). 1958లో గూర్ఖా బ్రిగేడ్ మీద మళ్ళీ గెలిచింది.

1955లో ఢాకాలో జరిగిన ఆసియా చతుర్ముఖ పోటీలతో దేశం జెర్సీ తొడిగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి పైకి పోలేదు. తంగరాజ్ ఆ జట్టులోనూ ఉన్నాడు, 1960 రోమ్ జట్టులోనూ ఉన్నాడు. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యాడు. 1960-61 సంతోష్ ట్రోఫీలో ఆయన కెప్టెన్సీలో సర్వీసెస్ జట్టు బెంగాల్‌ను ఓడించి మొట్టమొదటిసారి ట్రోఫీ గెలిచింది.

ఆ బెంగాలే ఆయన్ని రమ్మంది. అప్పట్లో ఆట పేరుకు అమెచ్యూరే అయినా, ఆటనే నమ్ముకుని బతకాలంటే కలకత్తాకే పోవాలి. కాకినాడ అప్పారావు ఆ దారిన ఏనాడో వెళ్ళి ఈస్ట్ బెంగాల్ 'పంచపాండవు'ల్లో ఒకడయ్యాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో అదే క్లబ్బుకు వెళ్ళాడు. తంగరాజ్ 1960లో మహమ్మదన్ స్పోర్టింగ్‌లో చేరాడు.

ఇక 1962 జకార్తా ఏషియాడ్. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడ్డాడు. గోల్‌లో బెంగాల్ కుర్రాడు ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినా, థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటి మనవాళ్ళు ఫైనల్ చేరారు. ఎదురుగా మళ్ళీ అదే కొరియా. గెలుస్తున్న జట్టును కదపకూడదని ఏ కోచ్‌కైనా అనిపిస్తుంది. పైగా జ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషి. కానీ రహీం సాబ్ సెప్టెంబరు 4న గోల్‌లోకి తంగరాజ్‌నే దించారు. పైనుంచి వచ్చే బంతుల్ని అందుకోవడంలో ఆయనకు సాటి లేరు మరి. బర్మన్ మనసు ఎంత కష్టపెట్టుకుందో గానీ, ఆ పతకంలో అతని వాటా తక్కువేం కాదని నా అభిప్రాయం.

స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వనందుకు మన అధికారి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పారన్న కోపం వాళ్ళది. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కుట్లతోనే ఆడుతున్న జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. మిగతా డెబ్బై నిమిషాలూ కాపు కాయడమే పని. సెంట్రీ డ్యూటీ చేసినవాళ్ళకు తెలుస్తుంది ఆ గంట ఎంత పొడుగో! 85వ నిమిషం దాకా కొరియా ఒక్క గోల్ కొట్టలేకపోయింది. కొట్టింది కూడా ఆ ఒక్కటే. 2-1తో బంగారు పతకం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు బంగారం రాలేదు.

1963లో తంగరాజ్ మోహన్ బగాన్‌కు, 1965లో ఈస్ట్ బెంగాల్‌కు మారాడు. ఈ మార్పు మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు కలకత్తా బజారులో ఇలిష్ చేప (మన గోదావరి పులస) ధర పెరుగుతుంది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుంది! ఇంట్లో అన్నదమ్ములే మాట్లాడుకోని ఆ ఊళ్ళో ఈ గట్టునుంచి ఆ గట్టుకు వెళ్ళి గౌరవం నిలుపుకున్నాడంటే, అది చేతుల గొప్పే కాదు, నడవడి గొప్ప కూడా. 1964 ఆసియా కప్‌లో రన్నరప్‌గా నిలిచిన మన జట్టు గోల్ కాచింది ఆయనే. 1967లో అర్జున అవార్డు వచ్చింది. చివరికి మొదలుపెట్టిన మహమ్మదన్‌కే తిరిగి వచ్చి, 1972 ప్రాంతంలో ఆట ముగించాడు.

తర్వాత కోచ్ అయ్యాడు. ఉక్కు నగరం బొకారోలో స్థిరపడి, అక్కడి కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పాడు. కలకత్తా జనం హోరు అక్కడ లేదు, పేపర్లో ఫోటోలు లేవు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసి ఈ తంగరాజ్ ఎవరని ఇప్పటి పిల్లలు అడిగారంటే, మనం ఆయన్ని ఎంతగా మరిచిపోయామో తెలుస్తోంది.

2008 నవంబరు 24న బొకారోలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశాడు. ఇంకో నెల ఉంటే డెబ్బై మూడు నిండేవి. ఆయన కెప్టెన్సీలో గెలిచిన సంతోష్ ట్రోఫీని సర్వీసెస్ జట్టు మళ్ళీ అందుకున్నది 2012లో, కటక్‌లో. అది చూడ్డానికి ఆయన లేడు.