బొమ్మ వ్రాసిన కథకుడు: అడివి బాపిరాజుగారు

మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు పుస్తకము చేతికందగానే ముందు బొమ్మలున్న పుటలు వెదకుదురు. అది చదువు కాదని పెద్దలు కసరుట కద్దు. ఈ వ్యాసకర్తయు బాల్యమున పత్రికలోని బొమ్మను పలకపై దించుచు చీవాట్లు తిన్నవాడే. ఆ చీవాట్లకు సమాధానముగా చెప్పదగిన జీవితమొకటి ఆంధ్రదేశమున నడచినది.

శ్రీ అడివి బాపిరాజుగారు 1895 అక్టోబరు 8వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో చదువునపుడు ప్రిన్సిపాలు ఆస్వల్డ్ కూల్డ్రే దొరగారికి ప్రియశిష్యులైరి. ఆ దొర కవి, చిత్రకారుడు. దక్షిణదేశమును గూర్చి 1924లో తాను ప్రకటించిన గ్రంథమునకు బొమ్మలును తానే వేసికొనెను. దామెర్ల రామారావుగారిలోని చిత్రకారుని గుర్తించి ముందుకు నడిపినదియు ఆయనయే. ఒకే చేయి వాక్యమును, బొమ్మను కూర్చుట గురువునందు చూచిన శిష్యునకు ఆ రెండును వేరు విద్యలని తోచునా? మన తెలుగువారు బొమ్మను సైతము వ్రాయుట అనియే అందురు గదా! చిత్రలేఖనమను మాటలోనే లేఖనమున్నది.

బాపిరాజుగారు సహాయనిరాకరణోద్యమమున చెరసాలకేగిరి. బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయులకడ భారతీయ చిత్రకళ నభ్యసించిరి. న్యాయశాస్త్ర పట్టమునందియు ఆ వృత్తిలో నిలువలేదు. ప్లీడరు గౌనును విడిచి కుంచె పట్టిన వానిని లోకము మెచ్చునేమో గాని, ఇల్లు గడచుట వేరు మాట. తాను చదివిన జాతీయ కళాశాలకే తరువాత అధ్యక్షులైరి. సినిమాలకు కళాదర్శకత్వము నెరపిరి. హైదరాబాదున మీజాన్ దినపత్రికకు సంపాదకులైరి. ఎచ్చటను సిరి కూడబెట్టినవారు కారు.

నారాయణరావు నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వేయిపడగలుతో సమముగా లభించెను. అయినను నాకు హిమబిందు మిన్న. అందు నాయకుడు సువర్ణశ్రీ శిల్పి కుమారుడు, తానును శిల్పి. వస్త్రముల రంగులు, ఆభరణముల తీరు, రథముల అలంకారము, అన్నియు చూచి వ్రాసినట్లుండును. వర్ణనలు దీర్ఘములని పుటలు దాటించు పాఠకులు కలరు. వారి విసుగును పూర్తిగా కాదనలేను. కాని ఒక వర్ణన చదివి బాలుని బొమ్మ గీయుమనినచో, ఏ రంగెక్కడ వేయవలెనో అడుగనక్కరలేదు. గీచిన పిమ్మట పుస్తకము మూసి, ఆ బొమ్మనే తన మాటలలో వ్రాయుమనిన నది వ్యాసమగును.

మన దర్శికి చేరువనే, గుండ్లకమ్మ యొడ్డున, చందవరమున శాతవాహనుల నాటి బౌద్ధస్తూపము 1964లో బయల్పడెను. రాతిపలకలపై బొమ్మలు చెక్కి కథలు చెప్పిన కాలమది. శాతవాహన యుగమును నవలగా మలచిన బాపిరాజుగారు దానిని చూడ నోచుకొనలేదు.

1951లో మద్రాసు ప్రభుత్వము కోరగా ఆయన సింహళమున కేగి, అచ్చటి ప్రాచీన కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. ఏబదియైదేండ్లు దాటిన ప్రసిద్ధ నవలాకారుడు, పలక పట్టిన పిల్లవానివలె గోడకెదురుగా నిలిచి, ఎవరో పేరు తెలియని చిత్రకారుని గీతను గీతగా దించుచుండెను. మరుసటి యేడు, 1952 సెప్టెంబరు 22న, ఆయన కన్నుమూసిరి.